ఖాళీ తూటాల లెక్క

పోయిన సెమిస్టర్‌లో మా మెటలర్జీ ల్యాబ్‌లో ఒక చిన్న ప్రయోగం జరిగింది. ఒకే ఇత్తడి రేకు నుంచి, ఒకే డైలో లాగి చేసిన రెండు చిన్న గిన్నెలు. ఒకదాన్ని ఓవెన్‌లో పెట్టి తక్కువ వేడిలో గంటసేపు ఉంచారు. రెండోదాన్ని అలాగే వదిలేశారు. తర్వాత రెండిటినీ మెర్క్యురస్ నైట్రేట్ ద్రావణంలో ముంచారు. పాదరసం విషం కాబట్టి మమ్మల్ని దూరంగా నిలబెట్టి మా సారే గ్లౌజులు వేసుకుని చేశారు. కాసేపటికి వేడి చెయ్యని గిన్నె అంచు నుంచి కిందికి నిలువుగా పగుళ్ళు దిగాయి. ఎవరూ కొట్టలేదు, నొక్కలేదు. దానంతట అదే విచ్చుకుంది. రెండో గిన్నె మాత్రం చెక్కుచెదరలేదు.

దీని పేరు సీజన్ క్రాకింగ్ అని, ఈ జబ్బు మొదట బయటపడింది మన దేశంలోనే అని సారు చెప్పారు. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో దాచేదట. వాన తగ్గాక పెట్టెలు తెరిస్తే చాలా తూటాల ఇత్తడి తొడుగులు పగిలి ఉండేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలో తేమ, తయారీలో ఇత్తడి లోపల మిగిలిపోయిన ఒత్తిడి, ఈ మూడూ కలిస్తే చాలు. కారణం తేలడానికి 1921 దాకా పట్టింది. మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు పరిశోధకులు అసలు దోషి అమ్మోనియా అని, తక్కువ వేడిలో కాల్చి లోపలి ఒత్తిడి తీసేస్తే జబ్బు రాదని తేల్చారు. ఇంటికెళ్ళి ఈ సంగతి చెబితే మా అమ్మమ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు. పశువుల పాకలో వదిలేసిన ఇత్తడి చెంబు ఒక వానాకాలం తనంతట తనే చీలిందని, ఎవరి దిష్టో తగిలిందని వాళ్ళ అత్తగారు గొడవ చేసిందని చెప్పింది.

ఆ రోజు ల్యాబ్‌లో నాకు మాత్రం ఒక మనిషి గుర్తొచ్చాడు. జిమ్ కార్బెట్. నరమాంసానికి అలవాటుపడిన పులుల్ని వేటాడినవాడిగా అందరికీ తెలుసు. కానీ ఆయన రాసిన జంగిల్ లోర్‌లో నాకు ఎక్కువగా నచ్చింది పులి కథ కాదు, ఖాళీ తూటాల కథ. మా ఫ్రెండ్ ఒకడు, తెల్లదొర గురించి మన తెలుగు పత్రికలో ఎందుకురా అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చివర్లో ఇస్తాను. ముందు ఆయన కథ వినండి.

పగిలిన తుపాకి, ఇత్తడి తీగ

ఎడ్వర్డ్ జేమ్స్ కార్బెట్ 1875 జులై 25న నైనితాల్‌లో పుట్టాడు. తండ్రి అక్కడ పోస్ట్‌మాస్టర్. ఇల్లంతా పిల్లలు. ఎండాకాలం నైనితాల్ కొండ మీద, చలికాలం కింద కాలాఢుంగి అడవి అంచున కాపురం. జిమ్‌కి ఆరేళ్ళు నిండకముందే, 1881లో తండ్రి పోయాడు. పెద్దన్న టామ్ సంసారం భుజాన వేసుకున్నాడు. మనం సినిమాల్లో చూసే దొరల వైభవం ఆ ఇంట్లో లేదు. కొండవాళ్ళ పిల్లలతో కలిసి, వాళ్ళ భాష మాట్లాడుతూ, ఏ పిట్ట ఎందుకు అరిచిందో, ఏ అడుగుజాడ ఏ జంతువుదో నేర్చుకుంటూ పెరిగాడు.

చేతికొచ్చిన మొదటి తుపాకి ఎలాంటిదో చూడండి. పక్షుల మీద పుస్తకం రాస్తున్న స్టీఫెన్ డీజ్ అనే బంధువు, తనకు పక్షుల్ని తెచ్చిపెట్టమని ఇచ్చిన పాత రెండు గొట్టాల తుపాకి అది. ఒక గొట్టం ఎప్పుడో పేలి చీలిపోయింది. కర్ర విరిగింది. గొట్టాలనూ కర్రనూ ఇత్తడి తీగ చుట్టి పట్టి ఉంచారు. రెండో గొట్టం మాత్రం పనిచేస్తుంది. అంతే చాలని ఆ పిల్లవాడు పొంగిపోయాడు.

అది మూతి నుంచి మందు దట్టించే రకం. కొలిచి మందు పోయాలి, కూరాలి, రవ్వలు వెయ్యాలి, మళ్ళీ కూరాలి. తేమ తగిలితే మందు పేలదు. ఎక్కువ కూరితే గొట్టమే పేలుతుంది. మొదటి గొట్టం గతి చూస్తూనే ఉన్నాడు కదా. ఒక దెబ్బ వేస్తే రెండో దెబ్బకి బోలెడు టైమ్ పడుతుంది. అందుకే ఆ తుపాకి అతనికి రెండు విషయాలు నేర్పింది. పేల్చడానికి ముందు బాగా దగ్గరికి వెళ్ళాలి. దెబ్బ తప్పితే దాని ఫలితం తనే అనుభవించాలి.

సార్జెంట్ మేజర్ పెట్టిన షరతు

పదేళ్ళకి స్కూల్ కేడెట్‌గా నైనితాల్ వాలంటీర్ రైఫిల్స్‌లో చేరాడు. అక్కడ .450 మార్టినీ తుపాకులుండేవి. పెద్దవాళ్ళ భుజాన్నే అదరగొట్టే తుపాకి, పదేళ్ళ పిల్లవాడి సంగతి చెప్పాలా. ఒకసారి కాల్పుల పరీక్ష చూడ్డానికి వచ్చిన పెద్ద సైనికాధికారి, కంగారుపడుతున్న ఈ కుర్రాణ్ణి చూసి, పక్కకి వచ్చి తొందరపడవద్దని ధైర్యం చెప్పాడు. ఆయన తర్వాతి కాలపు ఫీల్డ్ మార్షల్ రాబర్ట్స్. నిదానంగా పేల్చడం అనే పాఠాన్ని కార్బెట్ ముసలితనం దాకా మరిచిపోలేదు.

ఆ వాలంటీర్ల సార్జెంట్ మేజర్ ఈ కుర్రాడి గురి చూసి ముచ్చటపడ్డాడు. చలికాలం కాలాఢుంగికి వెళ్ళేటప్పుడు ఒక మార్టినీ రైఫిల్ వెంట తీసుకెళ్ళనిచ్చాడు. తూటాలు కావలసినన్ని ఇస్తానన్నాడు. షరతులు రెండే. తుపాకి శుభ్రంగా ఉండాలి. ఖాళీ తూటాలు తిరిగి అప్పగించాలి.

రెండో షరతు దగ్గర ఆగాను నేను. పుస్తకంలో ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. కానీ ఆ వాక్యంలో రెండు లెక్కలున్నాయి. ఒకటి సర్కారు లెక్క. ఇచ్చిన తూటాలు ఎన్ని, పేలినవి ఎన్ని అనేది తేలాలి. రెండోది కుర్రాడి లెక్క. అడవిలో పేల్చిన ప్రతి దెబ్బకీ ఒక ఇత్తడి ముక్క సాక్షిగా జేబులోకి వస్తుంది. సాయంత్రం జేబు బోర్లిస్తే ఆ రోజు ఎన్నిసార్లు పేల్చాడో, ఎన్నిసార్లు తప్పాడో అబద్ధం చెప్పుకోవడానికి వీల్లేదు.

ఆ మార్టినీతోనే మొదటి చిరుతను కొట్టాడు. దెబ్బ తిన్న చిరుత అతని తల మీదుగా దూకింది. దాని రక్తం ముఖం మీద, బట్టల మీద చిందింది. ఒక్క తూటా పట్టే తుపాకి అది. ఖాళీ తూటా తీసి కొత్తది పెట్టాకే రెండో దెబ్బ. ఆ క్షణంలో ఖాళీ కేసు గొట్టంలో ఇరుక్కుపోయి ఉంటే, మనకు కార్బెట్ అనే పేరే తెలిసేది కాదు.

ఒక ఇత్తడి గొట్టం ఏం చేస్తుంది

ఇక్కడ కాస్త మన సబ్జెక్టు మాట్లాడుకుందాం. తూటా అంటే నాలుగు భాగాలు. ముందు వెళ్ళే బుల్లెట్, వెనక మందు, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, ఈ మూడింటినీ పట్టి ఉంచే ఇత్తడి కేసు. పేలినప్పుడు కేసు రేణువంత వ్యాకోచించి తుపాకి గది గోడలకు అతుక్కుంటుంది. అలా అతుక్కోవడం వల్లే వేడి వాయువు వెనక్కి, అంటే పేల్చేవాడి ముఖం మీదికి రాదు. బుల్లెట్ వెళ్ళిపోగానే కేసు స్ప్రింగులా కాస్త వెనక్కి ముడుచుకుంటుంది. అప్పుడే అది సులువుగా బయటికొస్తుంది. సాగాలి, కానీ తిరిగి ముడుచుకోవాలి. ఈ రెండు గుణాలూ సరిపాళ్ళలో ఉన్న లోహం 70 శాతం రాగి, 30 శాతం జింకు కలిసిన ఇత్తడి. అందుకే మన టెక్స్ట్‌బుక్కుల్లో దాని పేరే కార్ట్రిడ్జ్ బ్రాస్.

రేకు నుంచి బిళ్ళ కోసి, గిన్నెలా వంచి, డైల గుండా పలుమార్లు లాగుతారు. లాగిన ప్రతిసారీ ఇత్తడి గట్టిపడుతుంది. మధ్యలో కాల్చి మెత్తబరచకపోతే చిట్లుతుంది. పెంబర్తిలో రేకు ఇత్తడి పని చేసేవాళ్ళు సుత్తితో కొట్టడం, కాల్చడం, మళ్ళీ కొట్టడం చేస్తారే, అదే సూత్రం. చివరికి తూటా అడుగుభాగం గట్టిగా ఉండాలి, మూతి మెత్తగా ఉండాలి. అడుగు మెత్తబడితే ప్రైమర్ గుంట వదులవుతుంది. మూతి గట్టిపడితే చీలుతుంది.

మూడు తూటాలు

కార్బెట్ పద్దెనిమిదో ఏటనే చదువు ఆపి బెంగాల్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వేలో చేరాడు. ఇంజన్లకి కట్టెలు సరఫరా చేయించే పని. తర్వాత గంగ ఒడ్డున మొకామా ఘాట్‌లో సరుకు ఒక రైలు నుంచి ఇంకో రైలుకి మార్పించే కాంట్రాక్టు. రెండు దశాబ్దాలకు పైగా అక్కడే, కూలీల మధ్య, వాళ్ళతో పాటు పని చేశాడు. పులుల వేట ఆయన ఉద్యోగం కాదు. ఉద్యోగానికి సెలవు పెట్టి చేసిన పని. బహుమతి డబ్బు ఉంటే రానని, మిగతా వేటగాళ్ళను ముందు వెనక్కి పంపాలని షరతు పెట్టేవాడు.

1907లో చంపావత్ ఆడపులి. అప్పటికి నేపాల్‌లో, కుమావూలో కలిపి 436 మందిని చంపిందని లెక్క. ఊళ్ళలో జనం తలుపులు తియ్యడానికి భయపడుతున్నారు. తహసీల్దారు 298 మందిని పోగుచేశాడు. లైసెన్సు లేని తుపాకులు ఉన్నా చూడనట్టే ఉంటానని, మందుగుండు కూడా ఇస్తానని చాటించాడు. వాళ్ళు కొండ మీద నుంచి డప్పులు కొడుతూ, అరుస్తూ పులిని తోలారు. కింద కార్బెట్ దగ్గర ఉన్నది .500 రైఫిల్, మూడంటే మూడు తూటాలు. రెండు పులికి, ఒకటి అత్యవసరానికి అని లెక్క.

మూడూ అయిపోయాయి. పులి ఇంకా చావలేదు. కార్బెట్ పరుగున వెళ్ళి తహసీల్దారు చేతిలోని తుపాకి లాక్కున్నాడు. దగ్గరికొచ్చి చూస్తే ఆ తుపాకి గొట్టాలకీ వెనక భాగానికీ మధ్య సందు కనిపిస్తోంది. కేసు ఎందుకు గోడలకు అతుక్కోవాలో పైన చెప్పాను కదా. ఆ సందులోంచి వాయువు వెనక్కి తన్నితే కళ్ళు పోవచ్చు. వేరే దారి లేదు. పేల్చాడు. నోటికి గురిపెడితే దెబ్బ పంజాకి తగిలింది. అప్పటికే ప్రాణం పోయే స్థితిలో ఉన్న పులి అక్కడే వాలిపోయింది.

ఈ కథలో నన్ను కుదిపేసింది ఆ తర్వాతి సంగతి. చచ్చిన పులి నోరు చూస్తే కుడివైపు కోరపళ్ళు రెండూ విరిగి ఉన్నాయి. పైది సగానికి, కిందిది ఎముక దాకా. పాత తుపాకి దెబ్బ. ఎవరో, ఎప్పుడో, సరిగ్గా తగలని ఒక తూటా పేల్చి, పులి పారిపోతే తానూ వెళ్ళిపోయాడు. పళ్ళు పోయిన పులి అడవి జంతువుల్ని పట్టలేక మనుషుల మీద పడింది. ఆ మనిషి జేబులో కూడా ఒక ఖాళీ తూటా ఉండే ఉంటుంది. దాని ఖరీదు 436 ప్రాణాలని అతనికి ఎప్పటికీ తెలిసి ఉండదు.

రిగ్బీ రైఫిల్, దాని తూటా

చంపావత్ వేటకు మెచ్చుకోలుగా అప్పటి యునైటెడ్ ప్రావిన్సెస్ లెఫ్టినెంట్ గవర్నర్ జాన్ హెవెట్, కార్బెట్‌కి .275 రిగ్బీ రైఫిల్ బహూకరించాడు. తేలిక తుపాకి, కొండలెక్కడానికి అనువైనది. పెద్ద పనికి .450/400 జెఫ్రీ రెండు గొట్టాల రైఫిల్ ఉండేది. ఈ రెండు తూటాలూ చూస్తే ఇత్తడి ఎంపిక అనేది ఎంత పెద్ద సంగతో తెలుస్తుంది.

.275 రిగ్బీ అనేది కొత్త తూటా ఏమీ కాదు. 1892 నాటి జర్మన్ 7×57 మౌజర్ తూటాకే ఇంగ్లీషు పేరు. 57 అంటే కేసు పొడవు, మిల్లీమీటర్లలో. దీని గరిష్ఠ పీడనం 3,900 బార్. మన ప్రెషర్ కుక్కర్‌లో ఉండేది దాదాపు 1 బార్. ఇక .450/400 కేసు మూడంగుళాల పొడవు, అడుగున అంచు ఉన్నది. కార్డైట్ అనే మందు వేడెక్కితే మరింత ఉధృతంగా కాలుతుంది. ఇంగ్లండ్ చలిలో సరిగ్గా పేలిన తూటా మన మే నెల ఎండలో కేసును గదికి అతికించేస్తుంది. రెండో దెబ్బ అవసరమైన చోట ఖాళీ కేసు బయటికి రాకపోతే ప్రాణమే పోతుంది. అందుకే ఉష్ణదేశాల కోసం పెద్ద కేసులో తక్కువ పీడనం ఉండేలా ఆ తూటాలను తయారుచేశారు.

ఇప్పుడు అలాంటి పాత రైఫిళ్ళు ఉన్నవాళ్ళు విదేశాల్లో ఖాళీ కేసుల్నే మళ్ళీ నింపుకుని వాడతారు. దాన్ని రీలోడింగ్ అంటారు. మన దేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇలాంటి పనుల జోలికి పోకూడదు, కాబట్టి ఎవరూ ఉత్సాహపడకండి. నాకు నచ్చింది వాళ్ళు కేసును ఎంచే పద్ధతి. అది అచ్చంగా మన మెటీరియల్ ఇన్‌స్పెక్షన్.

మొదట అయస్కాంతం పెడతారు. అంటుకుంటే ఉక్కు కేసు, పక్కన పడెయ్యాలి. తర్వాత లోపలికి తొంగిచూస్తారు. అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉంటే బాక్సర్ రకం, కాలిన ప్రైమర్‌ను సూదితో తోసెయ్యొచ్చు. రెండు చిన్న రంధ్రాలుంటే బెర్డాన్ రకం, మళ్ళీ నింపడం కష్టం. తమాషా ఏంటంటే బాక్సర్ ఇంగ్లీషువాడు, ఆయన పద్ధతి అమెరికాలో నిలిచింది. బెర్డాన్ అమెరికన్, ఆయన పద్ధతి యూరప్‌లో నిలిచింది. తర్వాత మూతి దగ్గర సన్నని చీలిక ఉందేమో, అడుగుకి కాస్త పైన మెరిసే గీత చుట్టూ తిరిగి ఉందేమో చూస్తారు. ఆ గీత ఉంటే లోపల గోడ పల్చబడిందని, ఇంకోసారి పేలిస్తే కేసు రెండు ముక్కలవుతుందని అర్థం. అనుమానం ఉంటే కొన వంచిన సన్నని తీగ లోపలికి పెట్టి గీకుతారు. గుంటలో తీగ తట్టుకుంటే ఆ కేసు చెత్తబుట్టకే.

పాత కేసుల్లో ఇంకో గుప్తశత్రువు పాదరసం. ఒకప్పటి ప్రైమర్లలో మెర్క్యురీ ఫల్మినేట్ ఉండేది. పేలగానే పాదరసం ఇత్తడిలోకి చొరబడుతుంది. పైకి కేసు బంగారంలా మెరుస్తుంటుంది, లోపల పెళుసు. మా ల్యాబ్‌లో గిన్నెను చీల్చింది కూడా పాదరసమే కదా. అందుకే చరిత్ర తెలియని కేసును అనుభవం ఉన్నవాళ్ళు ముట్టుకోరు. ఒకే కంపెనీ, ఒకే లాట్, ఎన్నిసార్లు పేలిందో లెక్క తెలిసినవి మాత్రమే విడిగా పెట్టుకుంటారు.

7×57 దొరక్కపోతే కొందరు .30-06 కేసును కోసి, మూతి చిన్నది చేసి వాడతారు. రెండిటి అడుగూ దాదాపు 12 మిల్లీమీటర్లే. కానీ పెద్ద కేసు నడుము భాగం ఇప్పుడు మూతిగా మారుతుంది, అక్కడ గోడ మందం ఎక్కువ. దాన్ని చెక్కకపోతే బుల్లెట్‌ను వదలదు, పీడనం ఎగబాకుతుంది. చూడ్డానికి సరిపోవడం వేరు, నిజంగా సరిపోవడం వేరు.

కెమెరా వైపు

1917లో కార్బెట్ కుమావూ నుంచి 500 మందిని పోగుచేసి ఫ్రాన్స్ యుద్ధరంగానికి తీసుకెళ్ళాడు. ఒక్కరు తప్ప అందర్నీ తిరిగి తీసుకొచ్చాడు. అక్కడా లెక్కే. 1926 మే నెలలో రుద్రప్రయాగ చిరుతను చంపాడు. ప్రభుత్వ లెక్కలో అది 125 మందిని తిన్నది, కేదార్, బదరీ యాత్రికులను భయపెట్టింది. 1930లో చౌగఢ్ ఆడపులి ఎదురుపడినప్పుడు ఎడమచేతిలో పిట్ట గుడ్లున్నాయి. అవి పగలకుండా, రిగ్బీని ఒంటిచేత్తో మెల్లగా తిప్పి పేల్చాడు.

అదే ఏడాది ఆయన జీవితంలో నాకు మింగుడుపడని ఘటన ఒకటుంది. పోవల్‌గఢ్ బ్రహ్మచారి అని పేరుపడ్డ పెద్ద మగపులి. ఎవరినీ తినలేదు. పెద్దది కావడమే దాని తప్పు. ఎందరో దాని కోసం ప్రయత్నించి విఫలమయ్యారు. కార్బెట్ కొట్టాడు. మొదటి దెబ్బ చంపలేదు, పులి గాయంతో వెళ్ళిపోయింది. అప్పుడు ఆయన చంపావత్ పులి పళ్ళు మరిచిపోలేదు. గాయపడ్డ పులిని అడవికి వదిలెయ్యడం అంటే ఏమిటో ఆయనకన్నా తెలిసినవాడు లేడు. రోజుల తరబడి వెతికి, ప్రాణం పణంగా పెట్టి పని ముగించాడు. బాధ్యత తీర్చుకున్నాడు, నిజమే. కానీ ఆ మొదటి తూటా పేల్చవలసిన అవసరం అసలు లేదు. ఆయన్ని ఎంత ఇష్టపడినా ఈ మాట రాయకుండా ఉండలేను.

ఆ రోజుల్లోనే ఆయన సినిమా కెమెరా పట్టుకుని పులుల్ని చిత్రీకరించడం మొదలుపెట్టాడు. బళ్ళకి వెళ్ళి అడవి గురించి పిల్లలకి చెప్పేవాడు. 1936లో మన దేశపు మొదటి జాతీయ పార్కు హెయిలీ పేరుతో ఏర్పడడంలో ఆయన చెయ్యి ఉంది. 1944లో మ్యాన్‌ఈటర్స్ ఆఫ్ కుమావూ అచ్చయింది. ఆయనకు అప్పుడు అరవై తొమ్మిదేళ్ళు. 1947 నవంబరులో చెల్లెలిలా కాక తల్లిలా చూసుకున్న అక్క మ్యాగీతో కలిసి కెన్యా వెళ్ళిపోయాడు. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. కాలాఢుంగి పక్కన తాను కొన్న ఛోటీ హల్ద్వానీ గ్రామ భూములు రైతులకే వదిలాడు. 1955 ఏప్రిల్ 19న న్యేరిలో గుండెపోటుతో పోయాడు. ఆ తర్వాత మనవాళ్ళు పార్కుకి ఆయన పేరు పెట్టారు. ఆయన రిగ్బీ రైఫిల్‌ను 2015లో ఆ కంపెనీయే తిరిగి సంపాదించింది, మరుసటి ఏడు దాన్ని కుమావూకి తెచ్చి చూపించింది.

నా జేబులో ఖాళీ తూటాలు

ఇప్పుడు మా ఫ్రెండ్ ప్రశ్నకి జవాబు. మొదట్లో చెప్పిన గిన్నెల ప్రయోగానికి ముందు వారం మాకు ఇంకో పని ఇచ్చారు. లాగిన గిన్నెను నిలువుగా కోసి, అడుగు నుంచి అంచు దాకా 12 చోట్ల గట్టిదనం కొలవాలి. నేను 5 కొలిచాను. క్యాంటీన్ మూసే టైమ్ అయింది. మిగతా 7 అంకెలూ వరసగా, అందంగా పెరిగేలా రికార్డులో నింపేశాను. సంతకం కూడా అయిపోయింది.

గిన్నె చీలిన రోజు రాత్రి జంగిల్ లోర్‌లో ఆ సార్జెంట్ మేజర్ షరతు మళ్ళీ చదివాను. పదేళ్ళ వయసు దాటీదాటని పిల్లవాడు అడవిలో ఒంటరిగా, ఎవరూ చూడకపోయినా, ఖాళీ తూటాలు ఏరి జేబులో వేసుకున్నాడు. నేను పేల్చని 7 తూటాలకు లెక్క రాశాను. మర్నాడు సారు దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. ఆయన తిట్టలేదు. అదే లాట్‌లో ఇంకో గిన్నె ఇచ్చి, మొత్తం 12 మళ్ళీ తియ్యమన్నారు.

తీశాను. నేను ఊహించి రాసిన గీతకీ నిజానికీ అంచు దగ్గర పొంతనే లేదు. చివరి రెండు చోట్ల అంకె ఒక్కసారిగా ఎగబాకింది. ద్రావణంలో పగుళ్ళు మొదలైంది సరిగ్గా అక్కడి నుంచే. అంటే నేను దొంగ అంకెలతో కప్పేసింది మామూలు చోటు కాదు, గిన్నె చీలే చోటు. అది ల్యాబ్ గిన్నె కాబట్టి సరిపోయింది. రేపు అది ఒక బాయిలర్ ట్యూబో, బ్రేకు పైపో అయితే?

ఆ ప్రయోగానికి సారు మార్కులు తగ్గించారు. రికార్డులో పాత పేజీ చింపెయ్యలేదు, అడ్డంగా ఒక గీత కొట్టి, పక్క పేజీలో కొత్త అంకెలు రాయించారు. రెండు పేజీలూ ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.